సముద్రపక్షుల గూటి కావలి

సముద్రపక్షులు గుడ్లు పెట్టినప్పటి నుంచి పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా వాటి గూళ్ల దగ్గరే మకాం వేసి కాపాడే ఋతుకాలపు కొలువును ఈ వ్యాసంలో గూటి కావలి అని వ్యవహరిస్తున్నాం. ఆ పని చేసేవారిని బ్రిటన్‌లో పూర్వం వాచర్ అనేవారు. తర్వాత వార్డెన్ అన్న మాట స్థిరపడింది. ఇప్పుడు రేంజర్ అన్నది ఎక్కువ వాడుకలో ఉంది. జర్మనీ తీరంలో ఈ కొలువు పేరు ఫోగెల్‌వార్ట్. జొన్నచేలో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టల్ని తోలే కావలివాడు తెలుగువారికి కొత్త కాదు. ఈ కావలిదారు కూర్చునే తీరూ అదే, కళ్లు పెట్టుకుని చూసే తీరూ అదే, కాని ఇతను కాచేది పిట్టలనే.

కొలువు సాధారణంగా మూడు నుంచి తొమ్మిది నెలలు ఉంటుంది. జీతానికి చేసేవారూ ఉన్నారు, వసతి మాత్రమే తీసుకుని స్వచ్ఛందంగా చేసేవారూ ఉన్నారు. అడవి శాఖ ఉద్యోగిలా ఏడాది పొడవునా ఒక ప్రాంతాన్ని చూసుకునే బాధ్యత దీనికి లేదు. పక్షి వచ్చాక మొదలై, పక్షి వెళ్లాక ముగుస్తుంది.

కావలి ఎందుకు: గూటి స్వభావం

ప్రపంచంలో సముద్రపక్షులు సుమారు 350 జాతులు. బతుకంతా నీటి మీదే గడిపే జాతులు కూడా గుడ్డు పెట్టడానికి నేలకు రావలసిందే. పెద్ద శత్రువులు చేరలేని దీవులను, కొండ అంచులను, ఇసుక దిబ్బలను ఎంచుకుని వేల సంఖ్యలో గుంపుగా గూళ్లు పెట్టడం వాటి పద్ధతి. ఆ చోటికి నక్కో, ఎలుకో, మనిషో చేరిన రోజున గుంపుగా ఉండటమే వాటికి చేటవుతుంది. ఒక్క రాత్రిలో మొత్తం స్థావరం పోవచ్చు.

కావలి అవసరం అన్నిటికన్నా బాగా తెలిసేది చిన్న టెర్న్ అనే సముద్రపక్షి విషయంలో. బరువు 50 నుంచి 60 గ్రాములు, అంటే ఊరపిచ్చుకకు రెండింతలు. పుల్లలు పేర్చి కట్టే అలవాటు దీనికి లేదు. పోటు గీతకు కాస్త ఎగువన, గులకరాళ్ల మధ్య రొమ్ముతో నొక్కి చేసిన గుంటే గూడు. అందులో రెండు మూడు గుడ్లు, అచ్చం ఆ రాళ్ల రంగులోనే, అవే మచ్చలతో. పొదుగు సుమారు మూడు వారాలు, పిల్ల ఎగరడానికి మరో మూడు వారాలు. ఈ ఆరు వారాలూ ఐరోపాలో మే నుంచి జూలై దాకా, సరిగ్గా జనం పిల్లలతో, కుక్కలతో సముద్రానికి వచ్చే సెలవుల కాలం. పక్షి గూడు పెట్టే చోటే మనిషి గొడుగు పాతుకునే చోటు. గుడ్డును ఎవరూ కావాలని తొక్కరు. అది అక్కడ ఉందని కనబడదు, అంతే. తొక్కకపోయినా, పక్కన అరగంట కూర్చుంటే చాలు. తల్లి గూటికి తిరిగి రాదు, గుడ్డు ఎండకు ఉడికిపోతుంది, లేదా చలిగాలికి చల్లబడుతుంది.

వీటి ఆయుర్దాయంలో ఇంకో చిక్కు ఉంది. సముద్రపక్షులు చాలాకాలం బతుకుతాయి, తక్కువ గుడ్లు పెడతాయి. పఫిన్ ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. మాంక్స్ షియర్‌వాటర్లలో 50 ఏళ్లు దాటి బతికినవి ఉన్నాయి. అందువల్ల ఒక్క పిల్లా ఎగరని స్థావరం కూడా కొన్నేళ్లపాటు పెద్దపక్షులతో కళకళలాడుతూనే ఉంటుంది. చూడవచ్చినవారికి అంతా బాగానే ఉన్నట్టు తోస్తుంది. పెద్దవి రాలిపోవడం మొదలయ్యాక వాటి స్థానంలోకి వచ్చేవి ఉండవు. పక్షుల్ని లెక్కపెట్టడం కన్నా ఎగిరిన పిల్లల్ని లెక్కపెట్టడం ఎందుకు ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది (చూ. లెక్కింపు, నమోదు).

చరిత్ర

సన్యాసి నుంచి చట్టం దాకా

ఇంగ్లండ్ ఈశాన్య తీరాన ఉన్న ఫార్న్ దీవుల్లో 676లో కుత్‌బర్ట్ అనే క్రైస్తవ సన్యాసి ఏకాంతవాసం మొదలుపెట్టాడు. అక్కడ గూళ్లు పెట్టే ఐడర్ బాతులకు అతను అభయమిచ్చాడని ప్రతీతి. ఆ ప్రాంతంలో ఇప్పటికీ వాటిని అతని ముద్దుపేరుతో కడ్డీ బాతులు అంటారు. పక్షిరక్షణ చరిత్రలు చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతాయి. కాని కొలువుగా కావలి పుట్టడానికి ఇంకో 12 శతాబ్దాలు పట్టింది.

19వ శతాబ్దంలో యార్క్‌షైర్ తీరంలోని ఫ్లాంబరో, బెంప్టన్ కొండల కిందకు వేటగాళ్లు పడవల్లో వచ్చి, గూళ్ల మీద కూర్చున్న పక్షుల్ని సరదాకు కాల్చేవారు. కిట్టివేక్ అనే పక్షి రెక్కలు ఆడవాళ్ల టోపీలకు పోయేవి. తల్లి చచ్చాక పిల్లలు కొండ అంచుల మీద ఆకలితో చచ్చేవి. జంతుశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ న్యూటన్ 1868లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో దీని మీద మాట్లాడాడు. మరుసటి ఏడాదే, 1869లో, సముద్రపక్షుల సంరక్షణ చట్టం వచ్చింది. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 1 వరకు వేట నిషేధం. గుడ్లకు మాత్రం ఆ చట్టం రక్షణ ఇవ్వలేదు. బెంప్టన్‌లో మోకులు కట్టుకుని కొండ అంచుల మీదికి దిగి గుడ్లు ఏరే వృత్తి 1954 చట్టం దాకా సాగింది.

చట్టం కాగితం మీద ఉన్నా, మనుషులు లేని తీరంలో దాన్ని అమలు చేసేదెవరు? ఆ ప్రశ్నకు జవాబుగానే కావలిదారు పుట్టాడు. నార్‌ఫోక్ తీరంలోని బ్లేక్‌నీ పాయింట్‌లో స్థానిక పక్షిరక్షణ సంఘం 1901లో బాబ్ పించెన్‌ను వాచర్‌గా పెట్టుకుంది. 1912లో ఆ ఇసుక కొమ్ము నేషనల్ ట్రస్ట్ అనే సంరక్షణ సంస్థ చేతికి వచ్చింది. 2012 వరకు ఆ కొలువు చేసినవారు ఆరుగురే. నూట పదేళ్లకు ఆరుగురు అంటే, ఆ తీరాన్ని ఒక్కొక్కరు ఎంత దగ్గరగా ఎరిగి ఉంటారో ఊహించవచ్చు. ఫార్న్ దీవులు 1925లో అదే ట్రస్ట్ కిందికి వచ్చాయి. 1981 నాటి వన్యప్రాణి చట్టం చిన్న టెర్న్, రోజియేట్ టెర్న్ వంటి జాతులను ప్రత్యేక జాబితాలో చేర్చింది. వాటిని గూటి దగ్గర కావాలని, లేదా పట్టింపు లేకుండా బెదరగొట్టడమే నేరం. కావలిదారు మాటకు ఈ నిబంధన చట్టబలం ఇచ్చింది.

అమెరికాలో

టోపీల ఈకల వ్యాపారం అట్లాంటిక్ అవతల ఇంకా ఘోరంగా నడిచింది. చిత్రకారుడు ఆబట్ థేయర్ 1900లో చందాలు పోగుచేశాడు. ఆ డబ్బుతో విలియం డచర్ తూర్పుతీరంలో టెర్న్‌లకు, గల్‌లకు కావలిదార్లను నియమించాడు. వారిలో చాలామంది దీపస్తంభాల కాపరులు. ఎలాగూ ఆ దీవి మీద ఉండేవారు వాళ్లే. ఫ్లోరిడాలో 1903లో పెలికన్ ఐలండ్‌ను ప్రభుత్వం పక్షి ఆశ్రయంగా ప్రకటించినప్పుడు పడవలు కట్టే పాల్ క్రోగెల్ దానికి కావలిదారయ్యాడు. అతని జీతం నెలకు ఒక డాలరు. అదే రాష్ట్రంలో కొంగల కావలిలో ఉన్న గై బ్రాడ్లీని 1905 జూలైలో ఈకల వేటగాడు కాల్చి చంపాడు. కొంగలు సముద్రపక్షులు కావు. అయినా ఈ కొలువు చరిత్రలో ఆ హత్యను వదిలేయడం కుదరదు. దాని తర్వాతే ఈకల వ్యాపారం మీద ప్రజల్లో ఏవగింపు బలపడింది. 1918లో వలసపక్షుల ఒప్పంద చట్టం వచ్చింది.

1973లో పక్షిశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్రెస్ మెయిన్ రాష్ట్రంలోని ఈస్టర్న్ ఎగ్ రాక్ దీవికి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి పఫిన్ పిల్లలను తెచ్చి పెంచడం మొదలుపెట్టాడు. వేట వల్ల ఆ దీవిలో పఫిన్లు 19వ శతాబ్దం చివరికే అంతరించాయి. 1977లో రాళ్ల మీద చెక్క పఫిన్లు నిలబెట్టారు. తోటివారు ఉన్నట్టు కనబడితేనే పఫిన్ దిగుతుంది. 1981లో మళ్లీ గూడు పెట్టాయి. అయినా పని అక్కడితో ముగియలేదు. వేసవిలో దీవి మీద మనుషులు లేకపోతే పెద్ద గల్‌లు తిరిగి వచ్చి పిల్లల్ని తినేస్తాయి. అందుకే నేటికీ ఏటా కావలి బృందం అక్కడ దిగుతుంది.

జర్మనీ తీరంలో

ఉత్తర సముద్రపు బురదనేలల్లో యోర్డ్‌సాండ్ సంఘం 1907లో ఏర్పడింది. 1909లో నోర్డరోగ్ అనే చిన్న దీవిని కొని, అక్కడ యెన్స్ వాండ్‌ను కావలి పెట్టింది. నాలుగు దశాబ్దాలు అతను అక్కడే ఉన్నాడు. 1950లో ఆ బురదనేలల్లోనే ప్రాణం కోల్పోయాడు. మరో దీవి ట్రిషెన్‌లో ఇప్పటికీ మార్చి నుంచి అక్టోబరు దాకా ఒక్కరే ఉంటారు. నివాసం గుంజల మీద నిలబెట్టిన చెక్క గది. సరుకులు పడవలో వస్తాయి. మన మంచెకు అంత దగ్గరి పోలిక ఈ వృత్తిలో ఇంకోటి లేదు.

స్థావరాల రకాలు

ఇసుక, గులకరాళ్ల తీరంలో కావలి ప్రధానంగా మనుషుల రాకపోకలతో ముడిపడింది. టెర్న్‌లు, స్కిమ్మర్లు ఇక్కడివి. కొండ అంచుల స్థావరాల్లో గిల్లెమాట్, కిట్టివేక్, గానెట్ ఉంటాయి. అక్కడికి కాలినడకన ఎవరూ చేరలేరు కనుక పడవలను దూరంగా ఉంచడం, లెక్కించడం ఎక్కువ.

బొరియల దీవులది వేరే లోకం. వేల్స్ తీరంలోని స్కోమర్‌లో 2018 లెక్క ప్రకారం సుమారు 3,50,000 జతల మాంక్స్ షియర్‌వాటర్లు గూళ్లు పెడతాయి. పగలు దీవి ఖాళీగా కనబడుతుంది. పెద్ద గల్‌లకు భయపడి అవి చీకటి పడ్డాకే ఒడ్డుకు వస్తాయి. నేలంతా గుల్ల. బాట దాటి ఒక్క అడుగు వేస్తే బొరియ కూలి లోపలి పక్షి సమాధి అవుతుంది. అందువల్ల అక్కడి కావలిదారు వచ్చినవారికి మొదట చెప్పే మాటా, చివర చెప్పే మాటా బాట వదలవద్దనే.

నగరపు కప్పులు కూడా స్థావరాలయ్యాయి. ఫ్లోరిడాలో తీరమంతా హోటళ్లు నిండాక లీస్ట్ టెర్న్‌లు గులకరాళ్లు పరిచిన చదునైన కప్పుల మీద గుడ్లు పెట్టడం నేర్చుకున్నాయి. కింద పడిన పిల్లల్ని పొడవైన కర్రకు కట్టిన పెట్టెలో ఉంచి మళ్లీ కప్పు మీదికి చేర్చడం అక్కడి స్వచ్ఛంద కావలిదార్ల పనుల్లో ఒకటి.

ఋతువు నడిచే తీరు

పక్షులు రాకముందే పని మొదలవుతుంది. ఏప్రిల్‌లో బ్రిటన్ తీరంలో గుంజలు పాతి తాడు కడతారు, పలకలు పెడతారు. నక్కలు తిరిగే చోట విద్యుత్ కంచె వేస్తారు. చిన్న టెర్న్‌లు పశ్చిమ ఆఫ్రికా నుంచి ఏప్రిల్ రెండో సగంలో దిగుతాయి. కంచె ఎక్కడ వేయాలన్నది పక్షుల్నే చూసి నిర్ణయించాలి. నిరుడు గూడు పెట్టిన చోటే ఈ ఏడూ పెడతాయన్న నమ్మకం లేదు. చలికాలపు తుఫానుకు ఆ దిబ్బ రూపే మారిపోయి ఉండవచ్చు. డోర్సెట్‌లోని చెసిల్ బీచ్ వంటి చోట్ల బొమ్మ టెర్న్‌లను నిలబెట్టి పక్షుల్ని కంచె లోపలికి ఆకర్షించారు.

మే నెలలో గుడ్లు. అప్పటి నుంచి కొన్ని స్థావరాల్లో రాత్రింబవళ్లు కావలి. నార్తంబర్‌లాండ్‌లోని లాంగ్ నానీ అనే వాగు మొగ దగ్గర నేషనల్ ట్రస్ట్ రేంజర్లు వేసవంతా ఇసుక దిబ్బల్లో గుడారాలు వేసుకుని 24 గంటలూ వంతులవారీగా కాస్తారు. అక్కడ చిన్న టెర్న్‌లతో పాటు ఆర్కిటిక్ టెర్న్‌లు పెద్ద సంఖ్యలో ఉంటాయి. పున్నమికీ అమావాస్యకూ పోటు హెచ్చుతుంది. దానికి గాలి తోడైతే నీరు గూళ్ల దాకా వస్తుంది. కావలిదారు పోటు పట్టిక చూసుకుని, ప్రమాదంలో ఉన్న గూటిని ఇసుక నింపిన చేపల పెట్టె మీదికి ఎత్తుతాడు. ఒకేసారి ఎత్తితే తల్లికి గూడు ఆనవాలు దొరకదు. కొద్దికొద్దిగా ఎత్తుతూ, ప్రతిసారీ తల్లి తిరిగి కూర్చున్నదాకా దూరం నుంచి చూడాలి. న్యూజిలాండ్‌లో మొత్తం సుమారు 40 పక్షులే మిగిలిన ఫెయిరీ టెర్న్ గూళ్లను కూడా రేంజర్లు తుఫానుకు ముందు ఇసుక బస్తాల మీదికి ఎత్తుతారు. అంత తక్కువ ఉన్నప్పుడు ఒక్క గుడ్డు కూడా జాతి లెక్కలో తేడా తెస్తుంది.

జూన్‌లో గుడ్ల నుంచి పిల్లలు బయటికొస్తాయి. పుట్టిన రెండు మూడు రోజులకే గుంట వదిలి రాళ్ల మధ్య తిరుగుతాయి. ముప్పు వచ్చిందని తల్లి అరిస్తే ఉన్నచోటే నేలకు అతుక్కుని కదలకుండా ఉంటాయి. ఆ స్థితిలో చూడటం అలవాటైన కంటికి కూడా పిల్ల కనబడదు. ఎండకూ డేగకూ చాటు దొరకడానికి రెండు పలకలు వాల్చిన చిన్న గూడులు, మట్టి గొట్టపు ముక్కలు అక్కడక్కడా ఉంచుతారు. రోజియేట్ టెర్న్‌లు చాటునే కోరుకుంటాయి కనుక ఇంగ్లండ్‌లోని కోకెట్ దీవిలో, ఐర్లండ్‌లోని రాకబిల్‌లో వాటికి చెక్క పెట్టెలు పెడతారు.

రోజు పనిలో ఎక్కువ భాగం మాట్లాడటమే. కుక్కను గొలుసుతో పట్టుకోమనడం, గాలిపటం ఎగరేయవద్దనడం, డ్రోన్ దింపించడం. గాలిపటం పక్షుల కంటికి డేగ. తాడు ఎందుకు కట్టారో అడిగేవారికి టెలిస్కోపులో గూటి మీద కూర్చున్న పక్షిని చూపించడం అనుభవజ్ఞులు నమ్మే పద్ధతి. చూసినవాడు మరుసటి రోజు తానే ఇంకొకరికి చెబుతాడు. గద్దింపుతో అంత పని జరగదు. ఊరివాళ్ల తీరాన్ని ఎక్కడి నుంచో వచ్చి తాడుతో కట్టేస్తున్నారన్న కోపం చాలాచోట్ల ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని విని, ఎంత మేర, ఎన్ని వారాలో స్పష్టంగా చెప్పి, ఆ మాట నిలబెట్టుకున్న కావలిదారుకే మరుసటి ఏడు పని సులువవుతుంది.

ఆర్కిటిక్ టెర్న్‌ల దీవిలో ఇంకో అనుభవం కూడా ఉంది. గూటి దగ్గరికి ఎవరొచ్చినా ఆ పక్షి నెత్తి మీద పొడుస్తుంది, రక్తం కూడా వస్తుంది. దెబ్బ ఎప్పుడూ ఎత్తైన భాగానికే కనుక ఫార్న్ దీవులకు వచ్చేవారిని టోపీ పెట్టుకోమంటారు, కావలిదార్లు తలకన్నా ఎత్తుగా కర్ర పట్టుకుని నడుస్తారు. 100 గ్రాముల ఆ పక్షి చేసే ప్రయాణం తెలిస్తే ఆ దెబ్బ మీద కోపం నిలవదు. ఫార్న్ దీవుల్లో గూడు పెట్టిన ఒక ఆర్కిటిక్ టెర్న్ కాలికి అమర్చిన పరికరం, అది ఏడాదిలో అంటార్కిటికా దాకా వెళ్లి రావడానికి సుమారు 96,000 కిలోమీటర్లు ఎగిరినట్టు చూపింది.

జూలై చివర, ఆగస్టులో పిల్లలు ఎగరడం నేర్చి గుంపులు కడతాయి. ఒక ఉదయం తీరం ఖాళీ అవుతుంది. అప్పుడు కంచె విప్పి, గుంజలు పీకి, నివేదిక రాయడం మిగులుతుంది. ఫార్న్‌లో మాత్రం శరదృతువులో సీల్‌లు ఈనే కాలం కూడా వీరి బాధ్యతే.

ముప్పులు

నేల మీద నక్క, ఎలుక, స్టోట్, హెడ్జ్‌హాగ్. ఆకాశంలో కాకి, గల్, కెస్ట్రెల్ అనే చిన్న డేగ. నక్కను విద్యుత్ కంచె ఆపుతుంది. కెస్ట్రెల్‌ను ఏ కంచె ఆపలేదు. ఒక జత కెస్ట్రెల్‌లు తమ పిల్లల కోసం ఒక స్థావరంలోని టెర్న్ పిల్లలన్నిటినీ తీసుకుపోగలవు. అది కూడా రక్షిత పక్షే, చంపడానికి వీల్లేదు. అందుకే కెస్ట్రెల్ గూటి దగ్గరే చచ్చిన ఎలుకలు, కోడిపిల్లలు పెట్టి దాని ఆకలి తీర్చే పద్ధతి వచ్చింది. నార్‌ఫోక్ తీరంలోని గ్రేట్ యార్మత్‌లో దీన్ని అమలు చేశారు.

దీవుల్లో అతిపెద్ద శత్రువు ఎలుక. ఓడల్లో వచ్చి చేరుతుంది. బ్రిస్టల్ అఖాతపు ముఖద్వారంలోని లండీ దీవిలో ఎలుకల నిర్మూలన 2002లో మొదలై, 2006లో దీవిని ఎలుకలు లేనిదిగా ప్రకటించారు. అంతకుముందు సుమారు 300 జతలున్న మాంక్స్ షియర్‌వాటర్లు 2023 నాటికి 12,000 జతలు దాటాయి. ఎలుక మళ్లీ చేరకుండా దీవులకు వెళ్లే ప్రతి పెట్టెనూ సంచినీ తెరిచి చూడటం కావలిదారు నిత్యకృత్యాల్లో చేరింది.

గుడ్ల దొంగలు ఇప్పుడు తగ్గారు, కాని పోలేదు. అరుదైన పక్షి గుడ్డును అద్దాల పెట్టెలో దాచుకునే పిచ్చి బ్రిటన్‌లో పాతది. దాన్ని అరికట్టడానికి 1997లో పోలీసులు ఆపరేషన్ ఈస్టర్ పేరిట దేశవ్యాప్త చర్య మొదలుపెట్టారు. కోకెట్ దీవి వంటి చోట్ల రాత్రింబవళ్లు కాయడానికి ఇదీ ఒక కారణం.

లెక్కింపు, నమోదు

కావలిదారు చేతిలో ఆయుధం నోటుపుస్తకం. ఎన్ని గూళ్లు, ఎన్ని గుడ్లు, ఎప్పుడు పొదిగాయి, ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి, ఎన్ని ఎగిరాయి. జతకు ఎన్ని పిల్లలు ఎగిరాయన్న సగటే స్థావరం ఆరోగ్యానికి అసలు కొలత.

జాతిని బట్టి పద్ధతి మారుతుంది. టెర్న్‌లకు దూరం నుంచి గూటి మీద కూర్చున్నవాటిని లెక్కిస్తారు. గిల్లెమాట్‌కు గూడంటూ లేదు, వరుసగా నిలబడి ఉంటుంది. అందుకని జూన్ 1 నుంచి 21 వరకు, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపు, అంచు మీది పక్షుల్ని తలతలనూ లెక్కిస్తారు. పఫిన్ బొరియలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి పక్షి ఉందో లేదో తడిమి చూడాలి. ఉంటే బాగా కరుస్తుంది. షియర్‌వాటర్ బొరియ నోటి దగ్గర దాని కూతనే రికార్డు వేస్తారు. లోపలి నుంచి జవాబొస్తే ఒకటి.

బ్రిటన్‌లో ఈ అంకెలన్నీ 1986 నుంచి ఒక జాతీయ పర్యవేక్షణ కార్యక్రమంలోకి చేరుతున్నాయి. అంతకుముందే 1969–70లో తొలి సమగ్ర గణన జరిగింది. నాలుగోది 2015 నుంచి 2021 దాకా సాగి, లెక్క తేలిన జాతుల్లో సగానికి పైగా తగ్గుతున్నాయని చెప్పింది. గుడారంలో తడిసిన కాగితం మీద రాసుకున్న గీతలే ఆ గణనకు పునాది.

కావలి వల్ల కలిగే హాని

ఈ వృత్తిలో మొదట నేర్చుకోవలసింది తన అడుగే మొదటి ముప్పని. స్థావరంలోకి ఎప్పుడు దిగినా పక్షులు లేస్తాయి. లేచినంతసేపూ గుడ్లు ఎండకో గాలికో వదిలిపెట్టినట్టే. బెదిరిన పిల్ల పక్క గూటి హద్దులోకి పరిగెడితే అక్కడి పెద్దపక్షి పొడిచి చంపవచ్చు. అందుకని వానలో, చలిగాలిలో, మిట్టమధ్యాహ్నం లోపలికి వెళ్లరు. వెళ్లినా నిమిషాలు చూసుకుని బయటపడతారు. గూటి గుర్తుగా పాతిన పుల్ల కాకికి కూడా గుర్తే కాగలదు. కాలికి ఉంగరం వేయడానికి శిక్షణ, లైసెన్సు తప్పనిసరి. గుడ్డు ప్రమాదంలో ఉన్నా వెళ్లకుండా ఆగిపోవలసిన సమయాలుంటాయి. కొత్తవారికి అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

బతుకు, అర్హతలు

గుడారం, పాత దీపస్తంభపు గది, చెక్క పాక. ఫార్న్ దీవుల్లో సుమారు 1500 నాటి రాతి బురుజు రేంజర్ల నివాసంగా ఉండేది, కుళాయి నీళ్లు లేకుండా. సముద్రం ఉధృతంగా ఉంటే వారాల తరబడి పడవ రాదు. తాగునీరు లెక్కగా వాడుకోవాలి. జాతుల గుర్తింపు, ప్రథమ చికిత్స, పడవ నడపడం, ఒంటరిగా ఉండగల నిబ్బరం అడుగుతారు. జీతం స్వల్పం, ఋతువు ముగిస్తే కొలువు ముగుస్తుంది. పక్షిశాస్త్రంలో, సంరక్షణలో తర్వాత స్థిరపడినవారిలో చాలామంది మొదటి ఉద్యోగం ఇదే. కాని నిలకడలేని జీతంతో ఎన్నేళ్లు నెగ్గుకురాగలరన్నది తీరని సమస్య. స్థావరాన్ని బాగా ఎరిగిన మనిషి వెళ్లిపోతే ఆ ఎరుక నోటుపుస్తకంలో పూర్తిగా మిగలదు.

ఫలితాలు, పరిమితులు

రాకబిల్ ఒక స్పష్టమైన ఫలితం. డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న ఈ రెండు రాళ్ల దీవిలో 1989 నుంచి ప్రతి వేసవీ కావలిదార్లు ఉంటున్నారు. అప్పుడు సుమారు 150 జతలున్న రోజియేట్ టెర్న్‌లు తర్వాత 1,500 జతలు దాటాయి. ఐరోపాలో ఆ జాతికి అతిపెద్ద స్థావరం ఇదే.

కావలిదారు కంచెకు అవతల ఉన్నవాటి మీద అతనికి అధికారం లేదు. పిల్లలు బతకాలంటే దగ్గర్లో శాండ్‌ఈల్ అనే సన్నటి వెండి చేప దొరకాలి. దాన్ని పశువుల మేతకు, నూనెకు పెద్ద ఎత్తున పట్టడం, సముద్రం వేడెక్కడం రెండూ కలిసి కిట్టివేక్, పఫిన్ వంటివాటిని దెబ్బతీశాయి. 2024 మార్చిలో ఉత్తర సముద్రంలోని ఇంగ్లండ్ జలాల్లో, స్కాట్లండ్ జలాల్లో శాండ్‌ఈల్ వేటను నిషేధించారు.

పక్షిజ్వరం ఈ కొలువు రూపాన్నే మార్చింది. హెచ్5ఎన్1 రకం 2022లో బ్రిటన్ స్థావరాలను ఊడ్చింది. అప్పటికి ప్రపంచంలో అతిపెద్ద ఉత్తర గానెట్ స్థావరమైన బాస్ రాక్‌లో గూళ్లు నాలుగో వంతు పైగా తగ్గాయి. ఫార్న్ దీవుల్లో సందర్శకులను ఆపేశారు. ఇన్నర్ ఫార్న్ 2024లో గాని మళ్లీ తెరవలేదు. ఆ వేసవుల్లో గుడ్లు లెక్కించవలసిన రేంజర్లు రక్షణ దుస్తులు, మాస్కులు వేసుకుని, ఏళ్లతరబడి తాము కాచిన పక్షుల కళేబరాలను సంచుల్లోకి ఎత్తారు.

భారతదేశంలో, తెలుగు తీరంలో

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లకూ గుడ్లకూ వర్తిస్తుంది. లక్షద్వీప్‌లోని పిట్టి అనే చిన్న ఇసుక దీవిలో సూటీ టెర్న్‌లు, మహారాష్ట్ర తీరంలోని వెంగుర్లా రాళ్ల మీద మరికొన్ని టెర్న్‌లు గూళ్లు పెడతాయి.

ఋతుకాలపు కావలికి దగ్గరి రూపం చంబల్ నదిలో ఉంది. టెర్న్‌ల కుటుంబానికే చెందిన ఇండియన్ స్కిమ్మర్ అక్కడి ఇసుక తిన్నెల మీద వేసవిలో గుడ్లు పెడుతుంది. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడుగ్గా ఉండే ఈ పక్షి నీటి ఉపరితలాన్ని చీల్చుకుంటూ ఎగిరి చేపను పడుతుంది. నదిలో నీరు తగ్గితే తిన్నె ఒడ్డుతో కలిసిపోతుంది. అప్పుడు కుక్కలు, పశువులు నడిచి వస్తాయి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఒడ్డు గ్రామాలవారినే గూటి కావలిదార్లుగా నియమించింది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతిని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నదిగా గుర్తించింది.

ఆ స్కిమ్మర్లకూ మనకూ నేరుగా సంబంధం ఉంది. చలికాలంలో అవి కనబడే ముఖ్యమైన చోట్లలో కాకినాడ తీరం ఒకటి. కోరింగ మడ అడవుల దాపున, పాటు సమయంలో బయటపడే ఇసుక మేటల మీద గుంపులుగా, ముక్కులన్నీ గాలి వైపు తిప్పి నిలబడతాయి.

ఆంధ్ర తీరంలో గూటి కావలి అనదగిన పని ఎక్కువగా జరిగేది ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మత్స్యకార గ్రామాల యువకులు రాత్రుళ్లు తీరం వెంట నడిచి గుడ్లను ఏరి, కంచె కట్టిన పొదుగు కేంద్రాల్లో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తే సముద్రంలోకి వదులుతారు. పక్షిని కాయడానికీ దీనికీ తేడా ఉంది. తాబేలు గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది కనుక దాన్ని చోటు మార్చవచ్చు. టెర్న్ గుడ్డును మార్చలేం. తల్లి అక్కడే ఉంటుంది కనుక కావలి కూడా అక్కడే ఉండాలి.